రెండు పచ్చలు

ఏలూరు చరిత్ర రాయబూనినవారు వేంగి రాజులతో మొదలుపెట్టి, కాలవ తవ్వడం, రైలు రావడం, జిల్లా కచేరీ రావడం దాకా రాసి, అక్కడితో తమ పని అయిందనుకుని కలం తుడిచి పెట్టేస్తారు. వాళ్లు వదిలేసిన ఘట్టం ఒకటుంది. అది 1931లో, తంగెళ్ళమూడిలో, ఒక తివాచీ మగ్గం ముందు, పొద్దు వాలుతున్న వేళ జరిగింది. షేక్ దాదాపీరు ఎడమ ముంజేతిమీద ఒక దోమ వాలింది. దాదాపీరు దాన్ని కొట్టలేదు.

దీని ప్రాముఖ్యం తెలియాలంటే అప్పటి ఏలూరు తెలియాలి. దీపాలు పెట్టేవేళకి ఊరు ఊరంతా తన్ను తాను కొట్టుకునేది. ఎవరి చెంప వారు, ఎవరి పిక్క వారు, అందని చోట పక్కవారు. కొత్తగా రైలు దిగినవాళ్లు ఆ చప్పుడు విని, ఊళ్లో ఏదో పెద్ద సభ జరుగుతోందనీ, ఉపన్యాసం బాగానే ఉన్నట్టుందనీ అనుకునేవారు. అటువంటి ఊళ్లో వాలిన దోమని వాలనిచ్చి, అది కుట్టి, కడుపు నింపుకుని, తనంత తాను లేచిపోయేదాకా చూస్తూ కూర్చున్నవాడు అంతకు ముందు ఉన్నట్టు దాఖలా లేదు.

దాదాపీరుకి మాత్రం ఇందులో గొప్పేమీ కనిపించలేదు. తివాచీ నేసేవాడికి చేతులు ఖాళీ ఉండవు. ఎడమచేతి వేళ్లు పడుగుదారాల మధ్య ఉంటాయి, కుడిచేతిలో ముడి కోసే కత్తి ఉంటుంది. కొట్టడానికి మూడో చెయ్యి లేదు కనక చూసేవాడు. చూడగా చూడగా దోమలన్నీ ఒకటి కావని తేలింది. కొన్ని గోడకి బల్లిలా బల్లపరుపుగా కూర్చుంటాయి. కొన్ని తల కిందికి పెట్టి తోక పైకెత్తి, నమాజులో వంగినట్టు కూర్చుంటాయి. కొన్నిటి రెక్కల మీద చుక్కలుంటాయి, కొన్నిటి కాళ్లకి తెల్లటి కడియాలుంటాయి. అంగుళానికి ఎన్ని ముడులో కంటితో చెప్పగల మనిషికి ఇవి కనిపించడం పెద్ద విశేషం కాదు. విశేషమల్లా, ఆ తెలివి వల్ల లోకంలో ఎవరికీ ఉపయోగం లేకపోవడం.

ఉపయోగం ఏడేళ్లకి వచ్చింది. ఈలోగా ఇంగ్లీషువాళ్ల సీమలో జనానికి కాళ్లకింద తివాచీలు అక్కర్లేకపోయాయి. మగ్గం ఆగింది. తల్లి రహీమున్నీసా రంగులు వేసే గాబులు వాన నీళ్లతో నిండాయి, అందులో దోమలు పుట్టాయి. తన ఇంట్లోనే పుట్టిన దోమలు తన ఉద్యోగానికి దారి చేస్తాయని దాదాపీరు ఎరగడు.

1938 శ్రావణంలో పవరుపేటలో ఒక అద్దె మేడమీద దోమల ఆఫీసు తెరిచారు. దాని అసలు పేరు ఇంగ్లీషులో రెండు పంక్తులు ఉండేది. జనం మాత్రం దోమల ఆఫీసే అన్నారు. దాని పెద్ద డాక్టరు నిత్యానందం గారు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో మరిచిపోయినట్టు ఉండే మనిషి. దోమలు పట్టేవాళ్లు కావాలని చెప్పి పంపితే ముప్ఫైమంది వచ్చారు. డాక్టరుగారు వాళ్లని వరసగా బల్లమీద కూర్చోబెట్టి, తాను కాగితాలు చూసుకుంటున్నట్టు నటించారు. అది సాయంకాలం. పావుగంటలో ఇరవై తొమ్మిదిమంది తమని తాము కొట్టుకున్నారు. ముప్ఫయ్యోవాడు మోచేయి తిప్పి, దానిమీద వాలిన దోమవంక చూస్తున్నాడు.

"ఏం చూస్తున్నావయ్యా?"

"ఇది పొలం దోమండి. ఇళ్లలో తిరిగేది కాదు. మేడమీదికి ఎందుకొచ్చిందా అని చూస్తున్నానండి."

డాక్టరుగారు మిగిలిన ఇరవై తొమ్మిదిమందికీ నమస్కారం పెట్టి పంపేశారు.

ఉద్యోగం తాత్కాలికం. పని కుదిరితే చైత్రంలో ఖాయం చేస్తామన్నారు. చేతికి ఒక గాజుగొట్టం ఇచ్చారు. దాని చివర రబ్బరు గొట్టం ఉంటుంది. రబ్బరు నోట్లో పెట్టుకుని, గాజు దోమ మీద పెట్టి, చిన్నగా పీలిస్తే దోమ లోపలికి వస్తుంది. మధ్యలో జాలీగుడ్డ అడ్డు ఉంటుంది కనక నోట్లోకి రాదు. వస్తుందేమోనన్న భయం మొదటి వారమంతా దాదాపీరుకి ఉండేది. రెండోవారం నించి, వచ్చినా ఏ రకందో నాలుకతో చెప్పగలననే ధీమా వచ్చింది.

ఆశ్వయుజంలో గూళ్ళలంక నించి కబురు వచ్చింది.

గూళ్ళలంక కొల్లేటి నడిమి ఊరు. ఏలూరు నించి కాలవ పడవలో సగం దూరం, తాటిదోనెలో మిగతా సగం. ఊరి పడమట మునసబు అబ్బాయిరాజుగారి పొలం గట్టున పాతిక ముప్ఫై చెట్లున్నాయి. ఏటా వేలకొద్దీ గూడబాతులు, కొంగలు వచ్చి వాటిమీద గూళ్లు కడతాయి. వాటి రెట్ట కిందపడితే పొలానికి మరే ఎరువూ అక్కర్లేదు. ఊరి తూర్పున ఒక దిబ్బ. దానిమీద పన్నెండు గుడిసెలు, ఒక తాటాకుల ప్రార్థన ఇల్లు, పుష్పమ్మ పందిదొడ్డి.

ఆ ఊళ్లో పదిరోజుల్లో నలుగురు పిల్లలు పోయారు. పొద్దున ఆడుకునే పిల్లకి మధ్యాహ్నం ఒళ్లు కాలుతుంది, సాయంత్రానికి మెడ కొయ్యబారుతుంది, మర్నాటికి తల్లిని పోల్చుకోదు. ఒకరు గాలి అన్నారు, ఒకరు ఎవరిదో చేతబడి అన్నారు. పుష్పమ్మ మనవరాలు ఆరేళ్ల దానమ్మ మాత్రం తొమ్మిదోరోజున కళ్లు తెరిచింది. కాని మాట పోయింది, కుడిచెయ్యి వణుకుతూ ఉండిపోయింది.

నిత్యానందం గారు ఆ ఊరు చూసి వచ్చి రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడోరోజు దాదాపీరునీ, గుమాస్తా దేవసహాయాన్నీ పిలిచి కూర్చోబెట్టారు.

"జపానులో ఇలాంటి జ్వరమే వచ్చిందట. కంటికి కాదు కదా, భూతద్దానికి కూడా దొరకనంత చిన్న విషం. వైరస్ అంటారు. అది దోమతో తిరుగుతుందని అక్కడివాళ్ల అనుమానం. నా అనుమానం కొంచెం ముందుకు పోయింది. అది పక్షిలో ఉండొచ్చు, పక్షికి తెలియదు. దోమ తాగి మోసుకుపోతుంది, దోమకీ తెలియదు. పందిలో చేరొచ్చు, గొడ్డులో చేరొచ్చు, వాటికీ తెలియదు. మనిషికి వచ్చినప్పుడే తెలుస్తుంది. అప్పటికి తెలిసి లాభం లేదు." ఆయన కాగితంమీద నాలుగు గళ్లు గీశారు. "అందుకని నాలుగుచోట్లా దోమల్ని పట్టాలి. నాలుగు తావుల నెత్తురూ తియ్యాలి. మద్రాసు లాబరేటరీకి పంపాలి. ఏది ఎక్కణ్ణించి వచ్చిందో కలవకూడదు. కలిసిందా, మన పనంతా గంగలో కలిసినట్టే."

దేవసహాయం మిషను స్కూల్లో మెట్రిక్యులేషను దాకా చదివినవాడు. చీటీలు ఇంగ్లీషులో రాసి అంటిస్తానన్నాడు. నీళ్లల్లో, దోనెల్లో చీటీలు నిలవవనీ, పైగా తనకి ఇంగ్లీషు రాదనీ దాదాపీరు చెప్పుకున్నాడు. "దారాలు కడతానండి. మా అమ్మ వేసిన రంగులు. నీళ్లకి పోవు, ఎండకి పోవు."

డాక్టరుగారికి అది భేషుగ్గా తోచింది. గొడ్లసావిడి దోమలకి ఎర్రదారం. ఇళ్లలోవాటికి నల్లదారం. గూడబాతుల చెట్ల కిందవాటికి పసుపుది. పందిదొడ్డివాటికి ఆకుపచ్చది. దోమ ప్రాణంతో మద్రాసు చేరాలి కనక ఒక్కో గొట్టంలో తడిదూది, ఒక ఎండుద్రాక్ష ముక్క. తివాచీ నేతకాడికి రంగుల దగ్గర పొరపాటు జరగదని ముగ్గురూ నమ్మారు. ఆ నమ్మకం సరయినదే. పొరపాటు రంగు దగ్గర జరగలేదు.

వారానికి రెండుసార్లు దాదాపీరు గూళ్ళలంక వెళ్లేవాడు. పొద్దు గుంకేవేళకి మొదట సావిడి, తరవాత ఇళ్లు, ఆ తరవాత చెట్లు. చెట్లకింద కూర్చోవడమంటే తలమీద గోనెసంచి కప్పుకుని కూర్చోవడమే. పైనించి వేలకొద్దీ పక్షుల ఆశీర్వాదం పడుతూనే ఉండేది. అక్కడ దోమలు పొగలా లేచేవి. గొట్టాలు చాలేవి కావు.

మర్నాడు తెల్లవారుజామున పందిదొడ్డి.

ఇది అతని సమస్య. ముప్ఫై నాలుగేళ్లలో ఆ జంతువు నీడ కూడా తొక్కని మనిషి, ఇప్పుడు దాని పక్కన మునగాళ్లమీద కూర్చుని గొట్టం పీలుస్తున్నాడు. మసీదులో పెద్దాయన్ని అడిగితే, "పట్టుకునేది దోమనేగా నాయనా? పిల్లలు బతకడానికేగా?" అన్నాడు. అది సరే. తల్లికి చెప్పడం ఎలా? రహీమున్నీసాకి గొడ్లసావిడి అని మాత్రం చెప్పాడు. అది అబద్ధం కాదు, నాలుగింట ఒకవంతు నిజం. తిరుగుదారిలో కాలవలో మూడు మునకలు వేసి, సంచిలోని వేరే బట్టలు కట్టుకుని ఇంటికి వెళ్లేవాడు. ఉద్యోగం వచ్చాక కొడుక్కి శుభ్రం వచ్చిందని తల్లి పేటంతా చెప్పుకుంది.

మొదటిరోజు పుష్పమ్మ దొడ్డివాకిట్లో చీపురు పట్టుకుని అడ్డంగా నిలబడింది.

"ఏవండీ సాయిబుగారూ, నా పందుల దగ్గర మీకేం పనండీ?"

"దోమలు పట్టుకోవాలమ్మా."

"దోమలు కావాలంటే రాజుగారి చెట్ల కింద బోలెడున్నాయి. నా దొడ్లో ఉండవు. పొద్దూకితే ఊకా వేపాకూ పొగెడతాను."

"ఉన్నన్నే పట్టుకుంటానమ్మా. డాక్టరుగారు వైరస్ కోసం చూస్తున్నారు."

"వైరమా?" పుష్పమ్మ చీపురు దించింది. "నా పందులకి ఎవరితో వైరమండీ? ఒకళ్ల చేలో పడ్డాయా, ఒకళ్ల గోడ తవ్వాయా? అటు మూల వరకే తిరుగుతాయి. అడగండి ఎవర్నైనా."

దాదాపీరు తనకి తెలిసినంత చెప్పాడు. తనకి తెలిసింది కొంచెమే కాబట్టి ఆవిడకి బాగానే అర్థమైంది. ఆవిడ చాలాసేపు గుడిసెవైపు చూసింది. లోపల దానమ్మ గోడకి ఆనుకుని కూర్చుని, వణికే కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని ఉంది.

"పట్టుకోండి. దీని నెత్తురు కావాలన్నా తీసుకోమనండి. కాని సాయిబుగారూ, ఇవి పదకొండు ప్రాణాలు. నాకూ దీనికీ ఇవే ఆధారం. మీరు పట్టుకుపోయిన దోమ వల్ల వీటిమీదికి ఏమీ రాకూడదు."

"రాదమ్మా."

"మీరంటున్నారా, మీ ఆఫీసు అంటోందా?"

"నేనంటున్నానమ్మా. నాది పూచీ."

ఆ మాట అనమని అతనికి ఎవరూ చెప్పలేదు. దోమల ఆఫీసు నిబంధనల్లో పూచీ అనే మాట లేదు.

డాక్టరుగారు స్వయంగా వచ్చి పిల్ల చేతినించి, ఒక పంది చెవినించి, గూటినించి జారిపడిన మూడు గూడబాతు పిల్లలనించి, అబ్బాయిరాజుగారి ఎద్దునించి నెత్తురు తీశారు. అందరికంటె ఎక్కువ గొడవ చేసింది అబ్బాయిరాజుగారు. "ఎద్దుకి నీరసం రాదుగదాండీ?" అని అయిదుసార్లు అడిగారు. దానమ్మ ఏమీ అనలేదు. దాదాపీరు సంచిలోనించి ఒక దారం ముక్క తీసి ఆ పిల్ల ఎడమచేతిలో పెట్టాడు. అది దాన్ని వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్లీ చుట్టుకుంది.

అయిదు వారాలు గడిచాయి. దీపావళి దాటాక ఒక మధ్యాహ్నం దేవసహాయం గొట్టాలు లెక్కపెట్టి పట్టిక రాస్తున్నాడు. దాదాపీరు గది అవతలి మూల, వీపు ఇటు పెట్టి, నోట్లో రబ్బరుగొట్టంతో జాలీ గుడ్డ మారుస్తున్నాడు. డాక్టరుగారి పైన ఉండే పెద్ద ఆఫీసరుగారు తాడేపల్లిగూడెం బంగళాలో మకాం ఉన్నారు, సాయంత్రం రైలుకి పట్టిక పోవాలి.

"పీరుగారూ, ఎరుపు సావిడి, నలుపు ఇల్లు. అంతేగా?"

"ఊఁ."

"ఈ పచ్చది?"

"పచ్చది చెట్లదండి. గూడబాతులది."

దేవసహాయం చేతిలో ఉన్నది ఆకుపచ్చ దారం. పచ్చ అన్నది అతను, ఆకుపచ్చ అనుకుని. దాదాపీరు వెనక్కి తిరిగి చూడలేదు. అతనికి పచ్చ అంటే పసుపుకొమ్ముల గాబులో ముంచి తీసిన ఉన్ని రంగు. పుట్టినప్పటినించీ ఇంట్లో దానికే పచ్చ అని పేరు. ఈ రెండోది చిలకపచ్చ. తల్లి గాబుల దగ్గర పచ్చ అడిగినవాడికి చిలకపచ్చ ఇస్తే చెయ్యి విరిచేది.

నాలుగో రంగు గురించి దేవసహాయం అడగలేదు. మూడు తెలిస్తే నాలుగోది అడగక్కర్లేదని అతనికి స్కూల్లో లెక్కల మేష్టరు చెప్పాడు. చెట్లకింద పట్టిన నాలుగువందల పన్నెండు దోమలూ గుండ్రటి దస్తూరీలో పందిదొడ్డి కింద పడ్డాయి. వేపాకు పొగలో పుష్పమ్మ మిగల్చిన యాభై ఏడూ చెట్ల కిందికి పోయాయి. పట్టిక అందంగా వచ్చింది. గొట్టాలూ, నెత్తురు బుడ్లూ ఆ రాత్రి బండికి మద్రాసు పోయాయి.

మరుసటి సోమవారం గూళ్ళలంకలో దండోరా వేశారు.

దాదాపీరు ఆ సంగతి గురువారం దోనె దిగుతూ విన్నాడు. ఊళ్లో జ్వరానికి మూలం పందిదొడ్డి అని తేలింది కాబట్టి ఎనిమిదిరోజుల్లో పందుల్ని తుపాకీతో కాల్చి పూడ్చెయ్యాలి, దిబ్బమీది గుడిసెలు ఖాళీ చెయ్యాలి. అబ్బాయిరాజుగారు గట్టుమీద నిలబడి ఉన్నారు. ఎంత మర్యాదయినవారంటే, ఎవరి కొంప కూలినా అండీ చేర్చకుండా చెప్పరు.

"మనదేముందండీ, పైవాళ్ల ఉత్తర్వు. మీరు పట్టిన దోమలేనటగా? నాలుగొందల పన్నెండటండీ. అబ్బో! ఆ దిబ్బ ఖాళీ అయితే ఊరికీ గాలాడుతుంది. కాస్త దున్నిస్తే వరి ఆకుమడికి కూడా పనికొస్తుంది."

"నాలుగొందల పన్నెండు దొడ్లోవి కావండి."

"కాగితంలో ఉందండీ."

దొడ్డి దగ్గర పుష్పమ్మ ఊక పొగ వేస్తోంది. అతన్ని చూసి, కసురుకోలేదు, చీపురు తియ్యలేదు. కూర్చోవడానికి పీట వేసింది. ఆ పీటమీద కూర్చోవడం కంటే చెట్లకింద గోనెసంచి లేకుండా కూర్చోవడం సుఖమనిపించింది.

"ఇంకా అయిదు రోజులుంది బాబూ," అంది ఆవిడ. మొట్టమొదటిసారి బాబూ అంది. "ఏదో తప్పు జరిగి ఉంటుంది. చూసి రా."

శుక్రవారం ఆఫీసులో పట్టిక నకలు తీయించి, దాదాపీరు వేలుపెట్టి ఒక్కొక్క గడీ చదివించుకున్నాడు. పందిదొడ్డి దగ్గరికి వచ్చేసరికి ఆగాడు.

"దేవసహాయంగారూ, ఆరోజు మీరు చేత్తో పట్టుకుని అడిగిన దారం ఏ రంగండీ?"

"పచ్చ."

"ఏ పచ్చ?"

"ఏ పచ్చ ఏమిటండీ? పచ్చ ఎన్ని ఉంటాయి?"

దాదాపీరు సంచిలోనించి రెండు ముక్కలు తీసి బల్లమీద పెట్టాడు. దేవసహాయం ఒకదాన్నీ, రెండోదాన్నీ చూశాడు. దస్తూరీ అంత అందంగా ఉన్నవాడి మొహం అంత వికారంగా మారడం దాదాపీరు ఎప్పుడూ చూడలేదు.

"ఇప్పుడు చెబితే ఇద్దరి ఉద్యోగాలూ పోతాయండీ పీరుగారూ. నాకు ముగ్గురు పిల్లలు. ఆదివారం గుళ్లో కూర్చుని ప్రార్థన చేస్తాను..."

"ఏమని చేస్తారండీ?"

దేవసహాయం ఆలోచించాడు. చాలాసేపు ఆలోచించినా ప్రార్థనకి మాటలు దొరకలేదు. చివరికి, "నేను నాలుగో రంగు అడక్కుండా రాశానని చెప్పండి," అన్నాడు. "మీరు తప్పు చెప్పారని మాత్రం చెప్పకండి. అది అబద్ధం."

శనివారం పొద్దున దాదాపీరు తల్లి ఎదుట కూర్చున్నాడు. ఆవిడ ఖాళీ గాబుల పక్కన తమలపాకులు తుడుస్తోంది.

"అమ్మా, నేను గొడ్లసావిళ్లలోనే కాదు, పందిదొడ్డిలో కూడా కూర్చుంటున్నాను. నెలన్నరైంది."

ఆకు తుడిచే చెయ్యి ఆగింది. అతను మిగిలినదంతా ఒక్క గుక్కలో చెప్పేశాడు. పూచీ సంగతి, పట్టిక సంగతి, గూడెం వెళ్లి చెబితే ఖాయం కావలసిన ఉద్యోగం పోతుందన్న సంగతి. రహీమున్నీసా అంతా వింది.

"చిలకపచ్చని పచ్చ అన్నాడా?" అంది చివరికి. "చదువుకున్నవాడు?"

"అన్నాడమ్మా."

"పచ్చంటే పచ్చే. దేవుడు రెండు రంగులు వేరువేరుగా చేస్తే రెండిటికీ ఒక్క పేరు పెట్టడానికి వీళ్లకి సిగ్గు లేదూ?" మళ్లీ ఆకు తుడవడం మొదలుపెట్టింది. తల ఎత్తకుండా అడిగింది. "ఇంటికి స్నానం చేసే వచ్చేవాడివా?"

"మూడు మునకలు వేసి వచ్చేవాణ్ణి."

"ఆ ముసలిదానికి ఎంతమంది మనవలు?"

"ఒక్కతే. మాట పోయింది."

"మరి ఇంకా ఇక్కడ కూర్చున్నావేం?"

ఆరోజు డాక్టరుగారు నల్లజర్ల వైపు వెళ్లారని తెలిసి, ఆదివారం రైలెక్కాడు. దెందులూరు, భీమడోలు, పూళ్ళ. ప్రతి స్టేషన్లోనూ రైలు తనకోసమే ఎక్కువసేపు ఆగుతున్నట్టనిపించింది. తాడేపల్లిగూడెం బంగళాలో నిత్యానందం గారు వరండాలో కూర్చుని టీ తాగుతున్నారు. ఎన్నాళ్లకో మొహంలో కాస్త తెరిపి ఉంది. పట్టిక చూసి పెద్ద ఆఫీసరుగారు భుజం తట్టారట.

దాదాపీరు చెప్పడం అయ్యేసరికి టీ చల్లారిపోయింది.

"నాకూ పచ్చ అంటే ఆకుపచ్చేనయ్యా," అన్నారు డాక్టరుగారు మెల్లిగా. "నేనైనా అలాగే రాసేవాణ్ణి." ఆ తరవాత ఇంకా మెల్లిగా అన్నారు. "నేను పట్టికలో దోమలెన్ని అని రాశాను. జ్వరానికి మూలమని రాయలేదు. పైవాళ్లు అలా చదువుకుంటే, కాదని చెప్పడానికి లేవలేదు. భుజం తట్టారు కదా అని కూర్చున్నాను."

రెండు దారాలూ పట్టుకుని లోపలికి వెళ్లారు. ఆఫీసరుగారు అరవదేశపు మనిషి. ఆయన భాషలో పచ్చ ఒక్కటే, అది ఆకుదే. రెండోదాన్ని కూడా పచ్చ అనే జాతి ఒకటుందని ఆయనకి నమ్మకం కలిగించడానికి అరగంట పట్టింది. బంగళా వంటవాణ్ణి పిలిచి అడిగితే పసుపుది చూపించి "పచ్చండి" అన్నాడు. తోటమాలి ఆకుపచ్చది చూపించి "పచ్చండి" అన్నాడు. ఆఫీసరుగారు తలపట్టుకుని, ఉత్తర్వు నిలుపుచేస్తూ సంతకం పెట్టారు. మద్రాసు నించి జవాబు వచ్చేదాకా దిబ్బ జోలికీ, చెట్ల జోలికీ, పందుల జోలికీ పోరాదు. దోమలు పట్టేవాణ్ణి మాత్రం చైత్రం తరవాత ఉంచనక్కర్లేదు.

సోమవారం మధ్యాహ్నానికి దాదాపీరు కాగితం జేబులో పెట్టుకుని గూళ్ళలంకలో దోనె దిగాడు. ఎనిమిదిరోజుల గడువు మంగళవారానికి కదా అని దారిపొడుగునా వేళ్లమీద లెక్కపెట్టుకుంటూనే ఉన్నాడు. గట్టుమీద సున్నం వాసన వేసింది.

అబ్బాయిరాజుగారు కాగితం రెండుసార్లు చదివారు.

"అయ్యయ్యో, పొద్దున్నే అయిపోయిందండీ. దండోరా వేసిన రోజూ రోజేగా మరి? దాంతో కలిపి ఇవాళ్టికి ఎనిమిది." కాగితం మడుస్తూ అడిగారు. "ఇందులో గుడిసెల సంగతి కూడా ఉందాండీ?"

"ఉందండి. ఖాళీ చేయించకూడదు."

"అలాగాండీ," అన్నారాయన. ఆకుమడి వెళ్లిపోయిన మొహంతో.

దొడ్లో గొయ్యి పూడ్చి పైన సున్నం చల్లారు. పుష్పమ్మ ఖాళీ తొట్టి కడుగుతోంది. ఎందుకు కడుగుతోందో ఆవిడకీ తెలిసినట్టు లేదు.

"పూచీ అన్నావు బాబూ."

"అన్నానమ్మా."

"ఎక్కడ తప్పింది?"

"ఒక్క మాట దగ్గర తప్పిందమ్మా." రెండు దారాలూ తీసి చూపించాడు. చెట్లదానికీ దొడ్డిదానికీ ఒకటే పేరైపోయిందని చెప్పాడు.

ఆవిడ తడిచేతులతో వాటిని తీసుకుని ఎండలో పెట్టి చూసింది. "ఇదీ అదీ ఒకటి ఎలా అవుతుంది? చిన్నదాన్ని అడిగినా చెబుతుంది." అనేసి, చిన్నది చెప్పదని గుర్తొచ్చి ఊరుకుంది. దానమ్మ గుడిసెలోనించి వచ్చి, నాయనమ్మ చేతిలోని పసుపుది తీసుకుని వేలికి చుట్టుకుంది. ఆకుపచ్చదాన్ని ముట్టుకోలేదు.

దాదాపీరు ఆ సాయంత్రం కాలవలో మునగలేదు. కడుక్కోవలసింది కనిపించలేదు.

ఇక అందరి చూపూ మద్రాసు మీద పడింది. నిత్యానందం గారు రోజూ టపా వేళకి మేడమెట్లమీద నిలబడేవారు. పక్షి నెత్తురులోనో, చెట్లకింద దోమలోనో ఆ విషం దొరికిందంటే పదకొండు ప్రాణాలు ఊరికే పోయాయని కాగితంమీద రుజువవుతుంది, నష్టం ఇప్పించమని పైకి రాయవచ్చు. పందిలో దొరికితే పుష్పమ్మకి చెప్పుకోవడానికి జవాబైనా ఉంటుంది. దానమ్మ నెత్తురులో దొరికితే దేశంలోనే మొదటిసారి. జపానువాళ్లు కూడా గూళ్ళలంక పేరు కూడబలుక్కుని చదువుతారు. ఏదైనా సరే, ఎందుకు జరిగిందో తెలుస్తుంది. ఆదివారం గుళ్లో దేవసహాయం ప్రార్థనకి ఇప్పుడు మాటలు దొరికాయి. పుష్పమ్మ దోనెవాడితో వారం వారం అడిగించేది. రహీమున్నీసా కూడా అడిగేది, పచ్చ సంగతి మద్రాసువాళ్లయినా తేల్చారా అని.

మార్గశిరంలో చలి వచ్చింది. దోమలు తగ్గాయి, కొత్తగా ఏ పిల్లకీ జ్వరం రాలేదు. చెట్లమీద గూడబాతులు పిల్లల్ని మేపుకుంటున్నాయి.

పుష్యమాసం రెండోవారంలో జాబు వచ్చింది. డాక్టరుగారు కవరు చింపి, చదివి, దేవసహాయం చేతికిచ్చి లోపలికి వెళ్లిపోయారు. దేవసహాయం దాదాపీరు కోసం తెలుగు చేసి చదివాడు.

నెత్తురు బుడ్లు దారిలో వేడెక్కి చెడిపోయినవి. గొట్టాలు అన్నీ దారాలతో సహా భద్రంగా అందినవి. వాటిలో దోమలు లేవు. చీమలు ఉన్నవి.